నగర ఆసుపత్రి లెక్కల్లో ఊరు: సెప్సిస్ అధ్యయనాలపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం:

ఆసుపత్రి రోగులలో సెప్సిస్ వ్యాప్తిని అంచనా వేసిన ప్రధాన అధ్యయనాలు గత పదేళ్ళలో విలువైన సమాచారాన్ని అందించాయి. అయితే వాటిలో అత్యధికం మహానగరాల్లోని పెద్ద ఆసుపత్రులను, అందులోనూ ఐసీయూలను ఆధారం చేసుకున్నవి. రోగి పడుకున్న మంచం ఎక్కడుందో ఆ లెక్కలు చెబుతాయి కానీ రోగం ఎక్కడ మొదలైందో చెప్పవు. ఆంధ్రప్రదేశ్‌లోని పాయకరావుపేట వంటి చిన్న పట్టణం నుంచి నగరానికి చేరే రోగిని దృష్టిలో ఉంచుకొని, ఈ అధ్యయనాల నిర్వచనాలను, రోగుల ఎంపికను, కాలగణనను, మరణ నమోదును ఈ వ్యాసం విమర్శనాత్మకంగా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: సెప్సిస్, ఎపిడెమియాలజీ, హారం, పాయకరావుపేట, ఐసీయూ, స్క్రబ్ టైఫస్, మరణ ధ్రువీకరణ.

1. ఉపోద్ఘాతం

తాండవ నదికి ఒక ఒడ్డున తుని, మరో ఒడ్డున పాయకరావుపేట. రైలు స్టేషను, పెద్ద బజారు, ఆసుపత్రులు అవతలి ఒడ్డున ఉండడం వల్ల రెండు ఊళ్ళూ నిత్యజీవితంలో ఒకే పట్టణంలా కలిసిపోయాయి. పరిపాలనలో మాత్రం వంతెన దాటితే జిల్లా మారుతుంది. 2022 ఏప్రిల్ వరకు అవి విశాఖపట్నం, తూర్పుగోదావరి జిల్లాలు. జిల్లాల పునర్విభజనతో పాయకరావుపేట అనకాపల్లి జిల్లాలోని నర్సీపట్నం డివిజన్‌లోకి, తుని కాకినాడ జిల్లాలోకి వచ్చాయి. ఒంట్లో బాగోలేని మనిషికి ఈ గీతతో పనిలేదు. మొదట ఊళ్ళో ఆర్.ఎం.పి., తర్వాత స్థానిక ఆరోగ్య కేంద్రం లేదా తునిలోని ఆసుపత్రి, అక్కడా కుదరకపోతే కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి లేదా సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రి. ఈ దారిలో ఏ మజిలీలో రోగి ‘సెప్సిస్ రోగి’గా నమోదవుతాడు అన్నది వైద్యుల ప్రశ్నగానే కనిపించవచ్చు. నిజానికి అది లెక్కల ప్రశ్న కూడా. ఎందుకంటే ఆ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే సెప్సిస్ ఏ ఊరి సమస్యగా లెక్కకు వస్తుందో, నివారణ కోసం పెట్టే ఖర్చు ఎటు పోతుందో తేలుతుంది.

2. పెద్ద అంకెలు, వాటి పునాది

సెప్సిస్ గురించి ఏ పరిశోధన పత్రం తెరిచినా మొదటి పేరాలో ఒకే అంకె ఎదురవుతుంది. 2020 జనవరిలో లాన్సెట్‌లో ప్రచురితమైన ప్రపంచ వ్యాధి భార అధ్యయన విశ్లేషణ ప్రకారం 2017లో ప్రపంచవ్యాప్తంగా 4.89 కోట్ల సెప్సిస్ కేసులు, 1.10 కోట్ల సెప్సిస్ సంబంధిత మరణాలు సంభవించాయి. అంటే ఆ ఏటి మొత్తం మరణాల్లో 19.7 శాతం. అంతకుముందరి అంచనాలు ఎక్కువగా సంపన్న దేశాల పెద్దవయసు రోగుల మీద ఆధారపడగా, ఈ విశ్లేషణ పిల్లలను, పేద దేశాలను లెక్కలోకి తెచ్చింది. మొత్తం కేసుల్లో దాదాపు సగం అయిదేళ్ళలోపు పిల్లలవేనని చూపింది. ఇది చిన్న సాధన కాదు.

అయితే ఆ అంకె ఎలా పుట్టిందో చూడడం పరిశోధకుల బాధ్యత. 10.9 కోట్ల మరణ పత్రాలను ఆధారం చేసుకొని, ఏ మూలకారణంతో సంభవించిన మరణాల్లో ఎంత భాగానికి సెప్సిస్ తోడయిందో లెక్కగట్టారు. ఆ నిష్పత్తిని నమూనా గణితం ద్వారా 195 దేశాలకు విస్తరించారు. ఒక మరణానికి అనేక కారణాలను పద్ధతిగా నమోదు చేసే వ్యవస్థ ఉన్న దేశాలు కొద్ది. మిగిలిన దేశాల అంచనా ఆ కొద్ది దేశాల నమోదు అలవాట్ల నీడలోనే తయారవుతుంది. అంచనా పరిధి 3.89 కోట్ల నుంచి 6.29 కోట్ల వరకు ఉందని రచయితలు దాచకుండా చెప్పారు. ఆ పరిధిని వదిలేసి మధ్య అంకెను మాత్రమే ఎత్తి రాయడం తర్వాతి రచయితల తప్పు. మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత వ్యాసాలు కూడా దీనికి మినహాయింపు కాదు.

భారతదేశంలో ఆ పునాది ఎంత పలచనో 2020 సంవత్సరపు మరణ కారణాల వైద్య ధ్రువీకరణ నివేదిక చెబుతుంది. నమోదైన మరణాల్లో వైద్యుడు కారణాన్ని ధ్రువీకరించినవి 22.5 శాతం మాత్రమే. ఆ కొద్ది పత్రాలూ ఎక్కువగా పెద్ద ఆసుపత్రులున్న చోట్ల నుంచే వస్తాయి. ‘గుండె, శ్వాస ఆగిపోవడం’ అని రాసిన పత్రం మరణం ఎలా ముగిసిందో చెబుతుంది కానీ ఎందుకు మొదలైందో చెప్పదు. మరణ పత్రంలో తక్షణ కారణం, దానికి దారితీసిన కారణం, మూలకారణం అనే వరుసలు ఉన్నాయి. సెప్సిస్ సహజంగా మధ్య వరుసలో ఉండవలసినది. గణాంక పట్టికకు ఎక్కేది మూలకారణం. కాబట్టి మధుమేహం, కాలిపుండు, సెప్సిస్ అన్న క్రమంలో పోయిన ప్రాణం చివరకు మధుమేహం ఖాతాలో పడుతుంది. పత్రం సరిగా నింపినా సెప్సిస్ కనబడకుండాపోయే విచిత్రం ఇది.

అంకెలు కేవలం రోగాన్ని బట్టే మారవని చూపిన అధ్యయనం 2017లో జామాలో వచ్చింది. అమెరికాలోని 409 ఆసుపత్రుల సమాచారాన్ని రెండు విధాలుగా విశ్లేషించారు. బీమా బిల్లుల్లోని రోగ సంకేతాలను లెక్కిస్తే 2009–2014 మధ్య సెప్సిస్ ఏటా 10.3 శాతం చొప్పున పెరిగినట్టు కనిపించింది. అదే కాలానికి రోగుల వైద్య రికార్డుల్లోని లక్షణాలను, పరీక్షలను లెక్కిస్తే పెరుగుదల దాదాపు లేదు. పెరిగింది రోగం కాదు, రోగానికి ఆ పేరు పెట్టే అలవాటు. ఈ పాఠం తెలుగు రాష్ట్రాలకు దూరమైనది కాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాల్లో చికిత్స ప్యాకేజీ పేరును బట్టి చెల్లింపు జరుగుతుంది. ఆ పథకాల రికార్డుల నుంచి సెప్సిస్ వ్యాప్తిని లెక్కించబూనే పరిశోధకుడు ముందుగా ఆ పేరు ఎందుకు పడిందో అడగవలసి ఉంటుంది.

3. నిర్వచనమే నగరానిది

సెప్సిస్ నిర్వచనం రెండుసార్లు మారింది. 1991 సమావేశంలో రూపొంది 1992లో ప్రచురితమైన మొదటి నిర్వచనం ప్రకారం ఇన్ఫెక్షన్‌తో పాటు జ్వరం, నాడి వేగం, శ్వాస వేగం, తెల్లరక్తకణాల సంఖ్య అనే నాలుగింటిలో రెండు తేడాగా ఉంటే చాలు. 2001లో దానికి మరికొన్ని లక్షణాలు చేర్చారు. 2016లో వచ్చిన మూడవ నిర్వచనం దృష్టిని అవయవాల వైఫల్యం మీదికి మళ్ళించింది. ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపుతప్పి స్పందించడం వల్ల ప్రాణాపాయకరంగా అవయవాలు దెబ్బతినడమే సెప్సిస్ అన్నది దాని సారం. దాన్ని కొలిచేది సోఫా స్కోరు. అందులో రెండు పాయింట్లు పెరగాలి.

శాస్త్రపరంగా ఈ మార్పు సమంజసమైనదే. చిక్కు దాని పనిముట్టులో ఉంది. సోఫా స్కోరు వేయడానికి ధమని రక్తంలోని ఆక్సిజన్, ప్లేట్‌లెట్లు, బిలిరుబిన్, క్రియాటినిన్ తెలియాలి. ఇవన్నీ రాత్రి పదింటికి దొరికే చోటు నగరంలోని పెద్ద ఆసుపత్రే. ఈ కొలమానాన్ని అక్షరాలా పాటిస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సెప్సిస్ అనే రోగమే ఉండదు. అంబులెన్సు విశాఖపట్నం చేరి, రక్తపరీక్షల ఫలితం వచ్చాకే అది పుడుతుంది. పరీక్షలు లేనిచోట వాడుకోవడానికి శ్వాస వేగం, రక్తపోటు, స్పృహలో తేడా అనే మూడింటితో క్యూసోఫా అనే చిన్న కొలతను అప్పుడే ప్రతిపాదించారు. 2021 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు దాన్ని ఏకైక గుర్తింపు సాధనంగా వాడవద్దని సూచించాయి. చిన్న ఆసుపత్రి చేతికిచ్చిన ఒక్క కర్రనూ తీసుకున్నారని దీన్ని వ్యాఖ్యానించడం అన్యాయం. ఆ కొలత చాలామంది రోగులను వదిలేస్తున్నదన్న రుజువు మీదే ఆ సూచన వచ్చింది. కానీ దాని స్థానంలో ఆరోగ్య కేంద్రానికి ఏమి మిగిలిందన్న ప్రశ్న అలాగే ఉంది.

నిర్వచనం మారితే లెక్క ఎంత మారుతుందో భారతీయ ఉదాహరణే చూపుతుంది. దేశంలోని 35 ఐసీయూలలో జరిగి 2022లో చెస్ట్ పత్రికలో వెలువడిన అధ్యయనంలో మూడవ నిర్వచనం ప్రకారం 56.4 శాతం రోగులకు సెప్సిస్ ఉంది. రెండవ నిర్వచనం ప్రకారం 33.2 శాతానికే ఉంది. అవే ఐసీయూలు, అదే అధ్యయనం. ‘భారత ఐసీయూల్లో సగానికి పైగా సెప్సిస్ రోగులే’ అన్న వాక్యం అప్పటినుంచి బాగా వ్యాపించింది. రెండవ అంకె దాని పక్కన అరుదుగా కనిపిస్తుంది. అంతకంటే ముఖ్యమైన విషయం, ఈ శాతానికి హారం ఐసీయూలో చేరినవారు. ఐసీయూ మంచం దొరకనివారు, దాని ఖర్చు భరించలేక వార్డులోనే ఉండిపోయినవారు లవంలోనూ లేరు, హారంలోనూ లేరు. కనుక ఆ అంకెను ఐసీయూల పనిభారానికి కొలతగా చదవవచ్చు. జనంలో సెప్సిస్ వ్యాప్తికి కొలతగా చదవకూడదు.

4. ఢిల్లీ శిశువులు, ఇబ్రహీంపట్నం తల్లులు

మహానగర ఆసుపత్రుల సెప్సిస్ అధ్యయనాల్లో పద్ధతి రీత్యా అత్యుత్తమమైనదిగా ఢిల్లీ నవజాత శిశు అధ్యయనాన్ని చెప్పవచ్చు. ఢిల్లీలోని మూడు పెద్ద ఆసుపత్రుల్లో 2011–2014 మధ్య జరిగి 2016లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వెలువడింది. ఆ ఆసుపత్రుల్లో జరిగిన 88,636 జననాల నుంచి నవజాత శిశు ఐసీయూలో చేరిన 13,530 మందిని పరిశీలించారు. 14.3 శాతం శిశువులకు సెప్సిస్ వచ్చింది. బ్లడ్ కల్చర్‌లో సూక్ష్మజీవి పెరిగి నిర్ధారణ అయినది 6.2 శాతంలో. దొరికిన సూక్ష్మజీవుల్లో మొదటిది అసినిటోబాక్టర్, 22 శాతం. అందులోనూ 82 శాతం అనేక మందులకు లొంగనివి. ఎపిసోడ్లలో దాదాపు మూడింట రెండు వంతులు పుట్టిన 72 గంటల్లోపే మొదలయ్యాయి.

ఈ చివరి అంశం అధ్యయనానికి గుండెకాయ. పాశ్చాత్య పాఠ్యపుస్తకాల ప్రకారం 72 గంటల్లోపు వచ్చేది తల్లి నుంచి వచ్చిన ఇన్ఫెక్షన్, ఆ తర్వాత వచ్చేది పరిసరాల నుంచి వచ్చినది. ఢిల్లీలో తొలి గంటల్లోనే ఆసుపత్రి సూక్ష్మజీవులు కనిపించడం ఆ విభజనను కదిలించింది. ప్రసవ గది, శిశువును అందుకున్న చేయి, ఊపిరి పోసే పరికరం ఇవన్నీ అనుమానం కిందికి వచ్చాయి. ఒక మంచి లెక్క పాఠ్యపుస్తకాన్ని ఎలా ప్రశ్నించగలదో చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

ఇంత కచ్చితత్వం సాధ్యం కావడానికి కారణం రోగుల ఎంపికలోని పరిమితే. ఆ ఆసుపత్రుల్లోనే పుట్టిన బిడ్డలను మాత్రమే తీసుకున్నారు. ప్రతి బిడ్డకూ మొదటి నిమిషం తెలుసు, ప్రతి చేయీ అదే కప్పు కింద ఉంది. బయట పుట్టి తరలివచ్చిన బిడ్డను చేర్చివుంటే ఆ స్పష్టత చెదిరిపోయేది. రచయితల ఎంపిక సరైనదే. అయితే ఆ అంకెను ఎత్తి కోస్తాంధ్రలోని ఒక మండలానికి అంటగట్టే తర్వాతి రచనల పద్ధతి సరైనది కాదు. పాయకరావుపేట నుంచి మరో ఆసుపత్రికి పంపిన బిడ్డ ఢిల్లీ అధ్యయనం తన ద్వారం దగ్గర ఆపేసిన బిడ్డ వంటిదే.

తరలింపును లెక్కలో చూపకపోతే ఏమవుతుందో తెలంగాణలో జరిగిన ఒక విషాదం చూపుతుంది. 2022 ఆగస్టు 25న హైదరాబాద్ శివారు ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేశారు. కొద్ది రోజుల్లోనే నలుగురు మరణించారు. మిగిలినవారిలో పలువురిని హైదరాబాద్‌లోని నిమ్స్, అపోలో ఆసుపత్రులకు తరలించారు. శస్త్రచికిత్స అనంతర ఇన్ఫెక్షన్‌ను అధికారుల విచారణ కారణంగా గుర్తించింది. ఇక్కడ లెక్క బయటపడడానికి కారణం అందరూ ఒకే రోజు, ఒకే బల్ల మీద శస్త్రచికిత్స పొందడం. అదే సంఘటన వేర్వేరు వారాల్లో, వేర్వేరు మండలాల్లో ఒక్కొక్కరికి జరిగివుంటే? ఒక్కొక్కరూ ఒక్కో నగర ఆసుపత్రిలో చేరేవారు. ఆసుపత్రిలో చేరిన 48 గంటల్లోపు ఇన్ఫెక్షన్ బయటపడితే దాన్ని సమాజంలో సోకినదిగా, ఆ తర్వాత బయటపడితే ఆసుపత్రిలో సోకినదిగా లెక్కించడం వాడుక. ఈ సూత్రం ప్రకారం, మరో ఆసుపత్రి బల్ల మీద సోకిన ఇన్ఫెక్షన్ ‘సమాజంలో సోకినది’ అవుతుంది. వైద్య సంపర్కం వల్ల సోకినది అనే మూడవ వర్గం పత్రికల్లో చాలాకాలంగా ఉంది. దాన్ని నింపాలంటే ‘ఇక్కడికి రాకముందు ఎక్కడున్నారు? అక్కడ ఏం చేశారు?’ అని ఎవరో అడగాలి. అడిగిన జవాబు కేస్ షీట్‌లోకి ఎక్కాలి.

5. కాలగణన

సెప్సిస్ చికిత్సలో కాలం ప్రధానం. 2021 మార్గదర్శకాలు షాక్ ఉన్న రోగికి గుర్తించిన గంటలోపు, షాక్ లేక అనుమానం మాత్రమే ఉంటే మూడు గంటల్లోపు యాంటీబయాటిక్ ఇవ్వాలంటాయి. ఎప్పటినుంచి గంట? గుర్తించిన క్షణం నుంచి. ఆ క్షణాన్ని పరిశోధన పత్రాలు ‘సున్నా నిమిషం’ అంటాయి. నగర ఆసుపత్రి అత్యవసర విభాగంలో అడుగుపెట్టిన రోగికి నలభై నిమిషాల్లో మందు అందితే ఆ ఆసుపత్రి పనితీరు ఉత్తమం. అందులో అబద్ధం లేదు. కానీ ఆ రోగి గడియారం మూడు రోజుల క్రితం, ఊళ్ళో, చలిజ్వరంతో మొదలైంది. మధ్యలో ఆర్.ఎం.పి. వేసిన ఇంజెక్షను, ఆదివారం కావడం వల్ల వాయిదా పడిన ప్రయాణం, వంద కిలోమీటర్ల జాతీయ రహదారి ఉన్నాయి. సున్నా నిమిషానికి ముందున్న ఈ కాలం పట్టికల్లో లేదు. మరణాల రేటులో మాత్రం ఉంది. అందువల్ల దూరం నుంచి వచ్చిన రోగులు ఎక్కువగా చనిపోయే ఆసుపత్రి పనితీరు తక్కువదిగా కనిపిస్తుంది, దారి మాత్రం విచారణకు రాదు.

ముందే పడిన ఇంజెక్షను లెక్కను మరో విధంగా కూడా మారుస్తుంది. యాంటీబయాటిక్ ఒంట్లోకి వెళ్ళాక తీసిన రక్తంలో సూక్ష్మజీవి పెరిగే అవకాశం తగ్గుతుంది. కల్చర్ నెగటివ్ అని వచ్చిన రోగిని కొన్ని అధ్యయనాలు ‘సంభావ్య సెప్సిస్’గా పక్కకు పెడతాయి, కొన్ని పూర్తిగా వదిలేస్తాయి. ఢిల్లీ అధ్యయనంలోని 14.3, 6.2 శాతాల మధ్య అంతరాన్ని చూస్తే, వదిలేసే పద్ధతి సగానికి పైగా రోగులను ఎలా మాయం చేయగలదో తెలుస్తుంది. నగర ఆసుపత్రిలో పుట్టిన బిడ్డలకే అంత అంతరం ఉంటే, మూడు చోట్ల మందులు వాడి వచ్చిన వయోజనుడి సంగతి ఊహించదగినదే.

6. ‘సెప్టిక్’, ‘సంధి’: రోగి భాష

సెప్సిస్ లెక్కల్లో భాష పాత్రను వైద్య పరిశోధకులు పట్టించుకోరు, భాషా పరిశోధకులు ఆ వైపు చూడరు. తెలుగు వ్యవహారంలో ‘సెప్టిక్ అయింది’ అంటే గాయం చీముపట్టిందని అర్థం. కాలికి ముల్లు గుచ్చుకున్నా, కుట్లు వాచినా ఆ మాటే. వైద్యుడు ‘సెప్సిస్’ అన్నప్పుడు ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతింటున్న స్థితి అని అర్థం. ఒకే గ్రీకు మూలం నుంచి వచ్చిన రెండు మాటలు తెలుగులో రెండు వేర్వేరు తీవ్రతలకు స్థిరపడ్డాయి. బంధువు ‘సెప్టిక్ అయిందన్నారు’ అని చెప్పినప్పుడు ఏది విన్నాడో తెలియదు. ఇంట్లో జరిగిన మరణాలకు కారణం తెలుసుకోవడానికి కుటుంబ సభ్యులను ప్రశ్నించే మౌఖిక శవపరీక్ష పద్ధతిలో ఈ అయోమయం నేరుగా అంకెగా మారుతుంది. పత్రికలు వాడే ‘రక్తం విషతుల్యమైంది’ అన్న పదబంధం మరో తప్పుదారి. దోషం రక్తంలో చేరిన విషానిది మాత్రమే కాదు, శరీరపు స్పందనది కూడా అన్న 2016 నిర్వచనపు మూలభావం అందులో పూర్తిగా పోయింది.

విచిత్రమేమిటంటే పేరుకు భాష తడబడినా, లక్షణాలకు భాష పుష్కలంగా ఉంది. ‘ఎగశ్వాస పెడుతున్నాడు’, ‘మాట తేడాగా ఉంది’, ‘సంధి పుట్టినట్టుంది’, ‘మనిషిని ఆనవాలు పట్టడం లేదు’, ‘ఒళ్ళు చల్లబడింది’, ‘పొద్దుటినుంచి ఒంటేలు రాలేదు’. క్యూసోఫా అడిగే మూడింటిలో శ్వాస, స్పృహ రెండూ ఇక్కడ ఉన్నాయి. రక్తప్రసరణ తగ్గిన సూచన, మూత్రపిండాల సూచన అదనం. సంధి ప్రేలాపన అనే పాత మాట జ్వరతీవ్రతలో మతి తప్పడాన్ని చెబుతుంది. దాన్ని వైద్యుడు మూఢనమ్మకం కింద కొట్టేస్తే నష్టం రోగికే. ఆశా కార్యకర్తల శిక్షణలో అనువాద పదాలకు బదులు ఈ మాటలనే ప్రమాద సూచికలుగా పెట్టి, వాటితో వచ్చినవారిలో ఎందరికి తర్వాత సెప్సిస్ నిర్ధారణ అయిందో పరిశీలించడం తెలుగు శాఖ, వైద్య కళాశాల కలిసి చేయదగిన పరిశోధన.

7. ఊరి సూక్ష్మజీవులు

నగర ఐసీయూల అధ్యయనాల్లో పైవరుసలో కనిపించే అసినిటోబాక్టర్, క్లెబ్సియెల్లా ఎక్కువగా ఆసుపత్రి వాతావరణంలో బలపడేవి. వరిచేలు, జీడితోటలు, పెంటకోట వంటి మత్స్యకార గ్రామాలు ఉన్న ప్రాంతంలో అనుమానించవలసిన వాటి వరుస వేరు. స్క్రబ్ టైఫస్ చిన్న పురుగు కాటు వల్ల వస్తుంది. కాటుచోట నల్లటి చెక్కు కట్టవచ్చు, కట్టకపోవచ్చు. జ్వరంతో మొదలై ఊపిరితిత్తులు, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతిని అచ్చంగా సెప్సిస్‌గా పరిణమిస్తుంది. దాని సూక్ష్మజీవి మామూలు బ్లడ్ కల్చర్‌లో పెరగదు. అందువల్ల కల్చర్‌నే ప్రమాణంగా తీసుకున్న జాబితాలో దానికి చోటే లేదు. ఇంతకన్నా ప్రమాదకరమైనది చికిత్సలోని పరిణామం. ఐసీయూలో వాడే ఖరీదైన కార్బపెనెమ్‌లు దానిపై పనిచేయవు. పనిచేసేది చవకైన డాక్సీసైక్లిన్. భారతదేశంలోని ఏడు కేంద్రాల్లో తీవ్ర స్క్రబ్ టైఫస్ రోగులపై జరిగి 2023లో వెలువడిన పరీక్ష, డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి ఇవ్వడం ఏ ఒక్కదానికన్నా మేలని నిరూపించింది. ఊరి రోగానికి మహానగర జాబితా మీద ఆధారపడి చికిత్స చేస్తే ఖరీదైన మందు వేసి కూడా మనిషిని పోగొట్టుకోవచ్చు.

మెలియోయిడోసిస్ పరిస్థితి ఇంకొక రకం. తడినేలలో ఉండే సూక్ష్మజీవి, వానాకాలంలో, ముఖ్యంగా మధుమేహం ఉన్నవారిని పట్టుకుంటుంది. కల్చర్‌లో పెరుగుతుంది గానీ అలవాటులేని ప్రయోగశాల దాన్ని సూడోమోనాస్ అనో, బయటి కల్మషం అనో రాసేస్తుంది. ఇక్కడ లెక్క తప్పడం కంటిముందే జరుగుతుంది.

ఈ చర్చలో మందులకు లొంగని సూక్ష్మజీవుల ప్రస్తావన తప్పదు. పటాన్‌చెరు వద్ద ఔషధ పరిశ్రమల వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో వెలువడిన పరిశీలన ప్రపంచాన్ని నివ్వెరపరచింది. పాయకరావుపేట నియోజకవర్గంలోని నక్కపల్లి వద్ద బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. పటాన్‌చెరు అనుభవం నక్కపల్లిలో పునరావృతమవుతుందని చెప్పడానికి ఆధారం లేదు. అయితే పార్కు పని మొదలుకాక ముందే ఈ ప్రాంతపు రోగుల్లో, నీటిలో నిరోధక సూక్ష్మజీవుల స్థితిని నమోదు చేయకపోతే, తర్వాత ఏ వాదనకూ పోల్చిచూడడానికి తొలి కొలత ఉండదు. పటాన్‌చెరులో లేనిది అదే.

8. వెళ్ళిపోయినవారు

ఆసుపత్రి మరణాల రేటు అనే అంకెలో ఒక నిశ్శబ్దం ఉంది. ‘ఇక లాభం లేదు, ఇంటికి తీసుకెళ్ళండి’ అన్న మాట విని, లేదా డబ్బు అయిపోయి, లేదా ప్రాణం సొంత ఇంట్లోనే పోవాలని కోరుకొని వైద్య సలహాకు విరుద్ధంగా సంతకం పెట్టి వెళ్ళిన కుటుంబాలు ప్రతి వార్డుకూ తెలుసు. రికార్డులో ఆ రోగి మృతుడు కాదు, వెళ్ళిపోయినవాడు. ఆ సాయంత్రమో మర్నాడో ఊళ్ళో మరణం సంభవిస్తుంది. పంచాయతీ రిజిస్టరులో నమోదయ్యే ఆ మరణానికి వైద్య ధ్రువీకరణ ఉండదు. కారణం జ్వరమో, వృద్ధాప్యమో అవుతుంది. నగరంలో సెప్సిస్ అని పేరు పడిన రోగం ఊరికి తిరిగి వచ్చేసరికి పేరు పోగొట్టుకుంటుంది. అధ్యయనాల్లో ముప్పయి రోజుల వరకు ఫోను చేసి విచారించే ఏర్పాటు ఉన్నవాటినీ, డిశ్చార్జి రోజుతోనే లెక్క ముగించినవాటినీ ఒకే పట్టికలో పోల్చడం ఈ కారణంగా చెల్లదు.

సెప్సిస్ లెక్కల చరిత్రలో వియన్నాకు చెందిన సెమ్మెల్‌వైస్ పేరు అందరికీ తెలుసు. ఒకే ఆసుపత్రిలోని రెండు ప్రసవ విభాగాలను పోల్చి 1847లో చేతుల శుభ్రతను ప్రవేశపెట్టినవాడు. అది మహానగర ఆసుపత్రి లెక్క. అంతకు అర్ధశతాబ్దం ముందే, 1795లో, స్కాట్లండ్‌లోని అబర్‌డీన్ అనే చిన్న నగరంలో అలెగ్జాండర్ గోర్డన్ బాలింత జ్వరంపై ఒక గ్రంథం వెలువరించాడు. అందులో 77 మంది స్త్రీల పట్టిక ఉంది. ప్రతి పేరు పక్కన జబ్బు పడిన తేదీ, వయసు, నివాసం, ప్రసవం చేసింది ఎవరు అన్న వివరాలు ఉన్నాయి. సూక్ష్మజీవి అన్న భావనే లేని కాలంలో, రోగం గాలిలో లేదు, ప్రసవం చేసిన చేతుల ద్వారా ఇంటింటికీ పోతున్నదని ఆ వివరాలతోనే తేల్చాడు. తన చేతులను కూడా ఆ జాబితా నుంచి మినహాయించలేదు. ఊరివారి కోపానికి గురై అబర్‌డీన్ వదిలి వెళ్ళవలసి వచ్చింది.

గోర్డన్ పట్టికలోని నివాసం అనే గడి నేటి కేస్ షీట్‌లో లేకపోలేదు. కాకినాడలోనైనా, విశాఖపట్నంలోనైనా ఓపీ చీటీ దగ్గరే ఊరు, మండలం రాయించుకుంటారు. రికార్డు గదిలో ఆ పుట భద్రంగానే ఉంటుంది. పరిశోధక విద్యార్థి సిద్ధాంత వ్యాసం కోసం సమాచార పత్రం తయారు చేసుకునేటప్పుడు వయసు, లింగం, సోఫా స్కోరు, కల్చర్ ఫలితం, ఐసీయూ రోజులు అన్న వరుసలు వేసుకుంటాడు. మండలం, మొదట చూపించుకున్న చోటు, మొదటి యాంటీబయాటిక్ పడిన రోజు అన్న మూడు గడులు ఆ పత్రంలో చేర్చడానికి కొత్త పరికరం గానీ, కొత్త నిధి గానీ అవసరం లేదు. చివరి రెండూ రోగి పక్కన కూర్చున్న బంధువును అడిగి రాసుకోవలసినవి.